రెండో జమ్మి

సెప్టెంబర్ 22, ఆదివారం

పొద్దున్నే హుద్‌హుద్ చచ్చిపోయింది.

ఈ మాట మా విశాఖలో ఎవరితో అన్నా నవ్వుతారు. మాకు హుద్‌హుద్ అంటే ఊరిని ఊడ్చిపెట్టిన తుఫాను. ఆ రోజు మా మేడ మీది వాటర్ ట్యాంకు ఎగిరి పక్కవీధిలో పడింది. అది ఒక పిట్ట పేరని ఖతార్ వచ్చాకే తెలిసింది. తల మీద విసనకర్ర, రెక్కల మీద నలుపూ తెలుపూ చారలు. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. ఇంత దాని పేరా అంత తుఫానుకి పెట్టారు అనుకున్నాను.

రాజనర్సు దాన్ని ఊడ్చెయ్యకుండా, పైన తన టోపీ కప్పి నా కోసం ఉంచాడు. మా టవర్లో హౌస్‌కీపింగ్ డ్యూటీ ఆయనది. జగిత్యాల దగ్గర పల్లె. ఆఫీసుల వాళ్ళు వచ్చేలోపు బయట రాతి గచ్చంతా అద్దంలా ఉండాలి. ఎండుటాకులు, కాఫీ కప్పులు, అద్దాలకు గుద్దుకుని పడిన పిట్టలు, అన్నీ ఒకే చీపురుకు పోవాలి. లుసైల్ కొత్తగా కట్టిన ఊరు, ఈ మేడలన్నీ నిన్నమొన్నటివి. ఉత్తరాన చలి మొదలవగానే ఆఫ్రికాకు పోయే పిట్టలకు ఇది ఎప్పటి నుంచో దారి. దారికి అడ్డంగా అద్దాలు కట్టి, పిట్టలు గుద్దుకుంటున్నాయని విసుక్కుంటున్నాం.

నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఇక్కడ మనిషి జారిపడినా నిచ్చెన జారిపడినా నాకు పని. పిట్ట పడితే ఎవరి పనో ఎవరికీ తెలియదు. తూర్పు వైపు అద్దాలకు చుక్కల ఫిల్మ్ వేయించమని మేనేజరుకు మళ్ళీ మెయిల్ పెట్టాను. చుక్కలుంటే అది గాలి కాదు, గోడ అని పిట్టకు తెలుస్తుందట.

తూర్పు వైపే ఎక్కువ పడుతున్నాయి. అక్కడ జమ్మి చెట్టు ఉంది. ఇక్కడ ఘాఫ్ అంటారు. ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళు తెచ్చి పాతారు. ముళ్ళూ ఆకూ చూసి ఇది మన జమ్మే అని సంబరంగా తెలుగువాళ్ళందరికీ చెప్పింది నేనే. దాని వెనకే అద్దం. అద్దంలో ఇంకో జమ్మి. పొద్దున ఎండలో అసలు దాని కంటే అదే పచ్చగా కనిపిస్తుంది.

సెప్టెంబర్ 24, మంగళవారం

నిరంజన్‌తో గొడవ.

మా ఆయన ఫసాడ్ ఇంజనీర్, మేడల బయటి అద్దపు గోడల పని. వేరే కంపెనీ, వేరే టవర్లు, కానీ అదే అద్దం. భోజనాల దగ్గర పిట్టల సంగతి ఎత్తాను. ఆ అద్దం ఎంత వేడిని బయటే ఆపుతుందో, ఏసీ లోడ్ ఎంత తగ్గుతుందో చెప్పాడు. ఫిల్మ్ వేస్తే వారంటీ పోతుందట. క్లయింటు ఒప్పుకోడట. చివరికి, కొన్నాళ్ళకు పిట్టలే నేర్చుకుంటాయిలే అన్నాడు.

చచ్చిన పిట్ట ఏం నేర్చుకుంటుంది? పెరుగు వేసుకోకుండా లేచిపోయాను.

సెప్టెంబర్ 30

బొటనవేలంత పిట్ట. పసుపు పొట్ట. పేరు తెలియదు.

అక్టోబర్ 3, గురువారం

మేనేజర్ జవాబిచ్చాడు. ఫిల్మ్ సంగతి వచ్చే ఏడాది చూద్దామట. ఈలోగా టెనెంట్ల కంట పడకుండా ఇంకా ముందే ఊడ్పించమన్నాడు. అంటే రాజనర్సు ఇంకా ముందే నిద్ర లేవాలి. అదీ వచ్చిన పరిష్కారం.

పనివాళ్ళుండే క్యాంపులో నాకు బూట్ల మేడం అని పేరట. రాజనర్సుతో పనిచేసే భూమేష్ నోరు జారాడు. సేఫ్టీ షూస్ లేకుండా ఎవరు కనపడినా అరుస్తాను, నిజమే. గచ్చు మీద కాలు తెగి కుట్లు పడ్డ మనిషిని చూశాక అరవకుండా ఉండలేను. అననీ.

అక్టోబర్ 6, ఆదివారం

రాజనర్సు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మనిషి పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదు. చేతిలో పసుపు జాకెట్, జాకెట్‌లో ఏదో చుట్టి ఉంది.

"పాలపిట్ట, మేడం. పానం ఉన్నది."

విప్పి చూశాను. తల నుంచి పొట్ట దాకా నీలం. వీపు ఇటుక రంగు. రెక్క కొంచెం తెరుచుకుంటే లోపల ఇంకో నీలం, చీకటి పడే ముందు సముద్రంలా. కళ్ళు సగం మూసి ఉంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది.  అద్దాల కింద ప్రాణంతో దొరికిన మొదటి పిట్ట ఇదే.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో మా పక్క బిల్డింగులో ఉండే మెహర్ సుల్తానా పశువుల డాక్టరు. హైదరాబాదీ. ఫోన్ చేస్తే వెంటనే తెమ్మంది. తీసుకెళ్తే చూసి, రెక్క విరగలేదు, తలకు దెబ్బ, చీకట్లో ఉంచి మాట్లాడకుండా వదిలెయ్ అంది. మాట్లాడకుండా అన్నది నన్ను చూసే. రెండు మూడు రోజుల్లో తేరుకుంటే, అద్దాలు లేని చోట, చెట్లున్న చోట వదిలిపెట్టాలట. అంతకు మించి ఉంచొద్దని గట్టిగా చెప్పింది.

ఏ4 పేపర్లొచ్చే అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, నా స్టోర్ రూంలో హెల్మెట్ల పక్కన పెట్టాను.

అక్టోబర్ 7, సోమవారం

బతికే ఉంది. బతకడమే కాదు, మూత తీస్తే గర్ర్‌మని నన్ను తిట్టింది. ఎంత హాయిగా అనిపించిందో.

ఇది అచ్చం మన పాలపిట్ట కాదని నెట్‌లో చదివాను. మనదానికి గొంతు దగ్గర గోధుమ రంగు ఉంటుంది, దీనికి లేదు. దగ్గరి చుట్టం, పెదనాన్న కొడుకు అనుకోవచ్చు. ఎక్కడో కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో చెట్టు తొర్రలో పుట్టి, ఎడారులూ సముద్రాలూ దాటి ఆఫ్రికా దాకా పోతుందట. భయమేస్తే దీని పిల్లలు ఒంటి మీద కంపు కొట్టే వాంతి చేసుకుంటాయట. మగది ఆడదాన్ని మెప్పించడానికి ఆకాశంలోంచి పిల్లిమొగ్గలు వేస్తూ కిందికి దూకుతుందట. నిరంజన్‌కి చదివి వినిపించాను. నేను ఫసాడ్ చూపించి మెప్పించాను కదా అన్నాడు. నవ్వొచ్చింది, పాపం.

చుట్టం సంగతి రాజనర్సుకి చెప్తే ఒప్పుకోలేదు. ఇది పాలపిట్టే, ఏసీ నీళ్ళు తాగి రంగు తేలింది అన్నాడు. స్ప్రింక్లర్ల కింద పచ్చికలో మిడతలు పట్టి తెస్తున్నాడు. అది వాటిని గాల్లోకి ఎగరేసి మింగుతోంది.

అక్టోబర్ 8, మంగళవారం

రాజనర్సు ఒక మాట అడిగాడు. అడగడానికి పొద్దుటి నుంచి నా చుట్టూ తిరిగాడు.

శనివారం దసరా. అందాకా పిట్టను ఉంచమని. దసరా నాడు పాలపిట్ట కనపడితే పట్టిన పని గెలుస్తుందని వాళ్ళ నమ్మకం. మా వైపూ ఉంది గానీ అంత పట్టింపు లేదు. దుబాయ్‌కి వచ్చినప్పటి నుంచీ దసరాకు పిట్ట కనపడలేదన్నాడు. ఖతార్‌లో ఉంటూ వాళ్ళ ఊరి అలవాటుకొద్దీ దుబాయ్ అనే అంటాడు.

విషయం పండగ కాదు. ఆయన భార్య శోభకు కడుపులో గడ్డ. సోమవారం కరీంనగర్‌లో ఆపరేషన్. తీసిన గడ్డను పరీక్షకు పంపుతారట, మంచిదో చెడ్డదో అప్పుడు తేలుతుంది. ఈయనకు లీవు దొరకలేదు. దగ్గర ఉండలేను, డాక్టరుతో మాట్లాడ రాదు, ఇది ఒక్కటే నా చేతనయ్యేది అన్నాడు. నన్ను చూడకుండా, హెల్మెట్లను చూస్తూ అన్నాడు.

సరే అన్నాను.

అక్టోబర్ 9, బుధవారం

ఇవాళ వదిలేయాల్సింది. పిట్ట లేచి నిలబడుతోంది, రెక్కలు విప్పి పెట్టెకేసి కొడుతోంది. మెహర్‌కి ఫోన్ చేసి శనివారం దాకా ఉంచుతానని చెప్పాను. దసరా సంగతీ చెప్పాను. పెట్టెలో ఉన్న ప్రతి రోజూ దాని రెక్కల్లోంచి పోతుంది, సముద్రం దాటాల్సిన రెక్కలవి, ఇక నీ ఇష్టం అంది. నా ఇష్టం అయితే ఏం బాధ.

అక్టోబర్ 10, గురువారం

ఊళ్ళో ఇవాళ సద్దుల బతుకమ్మ. శోభ ఈసారి ఆడలేదట, అరుగు మీద కూర్చుని చూసిందట.

పిట్టను పెట్టెలో పెట్టి చూపిస్తున్నామని రాజనర్సు చెబితే ఆమె కోప్పడిందట. ఒకప్పుడు జగిత్యాలలో దసరాకు పిట్టలు పట్టేవాళ్ళు పాలపిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చేవారు. రెక్కలు దారంతో కట్టి ఉండేవి. చూసినవాళ్ళు చేతిలో ఏదో పెట్టేవారు. పండగ దాటేలోపు ఆ పిట్టలు చచ్చేవి. శోభ వాటికి గుమ్మంలోనే తలుపు వేసేదట. ఆమె అన్న మాట రాజనర్సు నాకు అలాగే అప్పజెప్పాడు:

"కట్టేసిన పిట్ట మొకం సూస్తే ఏమొస్తది? ఎగిరే పిట్టను సూడాలె."

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. శోభ మంచి మనిషి అనుకుని ఊరుకున్నాను.

అక్టోబర్ 11, శుక్రవారం

సెలవైనా వెళ్ళాను. మిడతల్లో సగం అలాగే ఉన్నాయి. సోమవారం నాటి తిట్లు లేవు. మూత తీస్తే ఒక మూలకు జరిగి నన్ను ఒక కంటితో చూసింది.

రేపటి ప్లాన్: షిఫ్టు మొదలయ్యే ముందు తూర్పు వైపు జమ్మి కింద పూజ. సెక్యూరిటీకి అనుమానం రాకుండా టూల్‌బాక్స్ టాక్ అని చెప్పాను. రోజూ పని ముందు మనుషుల్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పేదే కదా అది, ఎవరూ అడగరు. పెట్టె మీద మూత బదులు దోమతెర కడతాను. అందరూ చూస్తారు. ఆ వెంటనే పెట్టెను కార్లో ఉత్తరాన అల్ ఖోర్ ఊరు దాటించి, మడ చెట్ల దగ్గర వదిలేస్తాను. రాజనర్సును కూడా తీసుకెళ్తాను, ఎగిరే పిట్టను అక్కడ చూస్తాడు. ఆయన డ్యూటీకి మనిషిని కూడా మాట్లాడి పెట్టాను.

అన్నీ ఆలోచించాను. నా పనే అది, ఏది ఎలా తప్పుతుందో ముందే ఆలోచించడం.

అక్టోబర్ 12, శనివారం. దసరా

రాయాలి. ఇవాళ రాయకపోతే ఎప్పటికీ రాయను.

ఎండ అప్పుడే పడింది. గాలిలో ఉక్క తగ్గింది. క్యాంపు బస్సు దిగి అందరూ వచ్చారు. కొందరు యూనిఫాం మీదే నుదుట బొట్టు పెట్టుకున్నారు. జమ్మి దగ్గరికి రాగానే ఒకరి తర్వాత ఒకరు సేఫ్టీ షూస్ విప్పి వరసగా పెట్టారు. అందరూ నా వైపు చూశారు. నేను అటు తిరిగి ఫోన్ చూసుకున్నాను.

భూమేష్ చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, పసుపు చల్లి, కొబ్బరికాయ కొట్టాడు. చెట్టు చుట్టూ తిరిగారు. హుద్‌హుద్ తుఫాను వచ్చి నేటికి పదేళ్ళని అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో.

రాజనర్సు ఇమో యాప్‌లో శోభకు వీడియో కాల్ చేశాడు. ఫోన్లో ఆమె ముఖం చిన్నగా, పలచగా ఉంది. నాకు దండం పెట్టింది. ఆయన ఫోన్ భూమేష్‌కిచ్చి, పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దోమతెర ముడి విప్పుతున్నాడు.

నేను చూశాను. నాకూ అద్దానికీ పిట్టకూ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు. వద్దు అని ఒక్క మాట అనే వ్యవధి ఉంది. బూట్లు లేవంటే బిల్డింగు అదిరేలా అరిచేదాన్ని, అరవలేదు. కట్టేసిన పిట్టను చూపించి భార్యను ఆపరేషన్‌కి పంపలేడు ఆయన. అది నాకు అర్థమైంది. అది కూడా పూర్తి నిజం కాదు. ఆ నీలం రెక్కలు పూర్తిగా విప్పగా చూడాలని నాకూ ఉంది.

రాజనర్సు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళకు అద్దుకుని, పైకి విడిచాడు.

ఎగిరింది. అబ్బ. మనుషులందరి నోటి నుంచీ ఒక్కటే శబ్దం వచ్చింది. ఎండ పడగానే ఆ రెక్కల్లో ఉన్న నీలాలన్నీ బయటికొచ్చాయి. ఒక్కసారి ఒరిగి, తిరిగి, జమ్మి వైపు వచ్చింది. అసలు జమ్మి కింద మేమంతా నిలబడి ఉన్నాం. కొమ్మకు జెండాలాగా ఎవరిదో ఎర్ర కండువా. మనుషులంటే దానికి భయం. మమ్మల్ని తప్పించుకుని, పైనుంచి, ఇంకో జమ్మి మీదికి పోయింది.

చప్పుడు చిన్నదే. చాలామంది వినలేదు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. భూమేష్ చూశాడు. ఫోన్ చటుక్కున ఆకాశం వైపు తిప్పేసి రాజనర్సుకు ఇచ్చాడు. రాజనర్సూ చూశాడు.

ఫోన్లోంచి శోభ అడుగుతోంది, కనపడ్డదా అని, ఎంత మంచిగున్నదో అని. తర్వాత అడిగింది:

"ఏ దిక్కుకు పోయింది?"

రాజనర్సు అద్దం వైపు చూస్తూనే చెప్పాడు.

"జమ్మి మీదికి పోయింది."

మంచిదే, మంచిదే అంది ఆమె. ఇంకా ఏదేదో చెప్పింది, తిన్నావా అని అడిగింది. ఆయన ఆకాశాన్నే చూపిస్తూ అన్నిటికీ జవాబులు చెప్పాడు.

అదే రోజు, సాయంత్రం

జమ్మి కిందే పూడ్చాం. తడి మట్టి, చేతితోనే తవ్వాడు రాజనర్సు. ఈసారి తలకే తగిలింది, మెడ వాలిపోయింది. పూజకు కోసిన జమ్మి ఆకులు అందరికీ బంగారమని పంచాలి కదా, ఎవరూ పంచుకోలేదు. పూడ్చే ముందు రాజనర్సు మొదటి ఆకు పిట్ట రెక్క కింద పెట్టాడు. తర్వాత ఒకటి నాకిచ్చి, చిన్నవాడైనట్టు నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. నాకంటే పెద్దవాడు. పట్టి ఆపాను.

తప్పు నాది అన్నాను. కాదు మేడం నాది అన్నాడు. దాని మీద కాసేపు వాదించుకున్నాం, ఎవరో ఒకరు గెలిస్తే పిట్ట లేస్తుందన్నట్టు.

మెహర్‌కి చెప్పలేదు. నిరంజన్‌కి చెప్పాను. ఈసారి వారంటీ మాట ఎత్తలేదు.

అక్టోబర్ 14, సోమవారం

ఆపరేషన్ అయిందట. లేచి కూర్చుందట. రిపోర్టు రావాలి.

అద్దం మీద పిట్ట ఉంది. ఇవాళే చూశాను. రెక్కల మీది పొడి అంటుకుని అచ్చు పడింది. రెండు రెక్కలూ బారా చాపి, ఈకకు ఈక, ఒక పక్కకు తిరిగిన తల. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడే కనిపిస్తుంది. తర్వాత అద్దంలో జమ్మి చెట్టే కనిపిస్తుంది.

రాజనర్సుకు చూపించాలా వద్దా అనుకున్నాను. ఆయన అప్పటికే కింద నిలబడి దాన్నే చూస్తున్నాడు.

అక్టోబర్ 24, గురువారం

రిపోర్టు వచ్చింది. గడ్డ మంచిదే. భయం లేదన్నారట.

రాజనర్సు స్టోర్ రూంకి వచ్చి చెప్పాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేనైతే ఏడ్చాను. శోభ కొత్త కుండలో బెల్లం అన్నం వండి వాకిట్లో పిట్టలకు పెట్టిందట. దుబాయ్ పాలపిట్ట వల్లే బతికానని ఊరంతా చెబుతోందట. ఇప్పుడు ఆఫ్రికాకు చేరిందా అని రోజూ అడుగుతోందట. ఎంత దూరం, ఎన్ని రోజులు పడుతుంది, అక్కడ తిండి దొరుకుతుందా అని. ఈయన ఏదో ఒకటి చెబుతున్నాడు. నిన్న ఫోన్ పెట్టేస్తూ ఆమె అన్న మాట నాకు చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"ఆ పిట్ట సల్లగుండాలె."

అక్టోబర్ 29

మళ్ళీ మెయిల్ పెట్టాను. మళ్ళీ వచ్చే ఏడాదే.

నవంబర్ 12, మంగళవారం, ఉదయం

పిట్ట అచ్చున్న తూర్పు అద్దాలు తుడవడానికి తాళ్ళ మీద మనుషులు దిగారు. రాజనర్సు జమ్మి కింద నిలబడి పైకి చూస్తున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. నేనూ విప్పాను. కాళ్ళ కింద రాయి చల్లగా ఉంది.